ఫోటో దిగుట, ఫోటో తీయుట

ఛాయాచిత్రమును గూర్చి మన వాడుకలో రెండు మాటలున్నవి. కెమేరాకు ఎదుట నిలుచువాడు ఫోటో దిగును. వెనుక నిలుచువాడు ఫోటో తీయును. రేవులోనికి దిగినట్లు, గోదాలోనికి దిగినట్లు, మనవారు ఫోటోలోనికి దిగినారు. ఈ మాటను మొట్టమొదట పలికినవారెవరో గాని, వారికి స్టూడియో అనుభవము చక్కగా పట్టువడి యుండవలెను. వెనుక గుడ్డపై చిత్రించిన ఉద్యానవనము, ప్రక్కన బల్లమీద పూలకుండి, నడుమ చేతుల కుర్చీ, ఎదుట నల్లగుడ్డ కప్పిన పెట్టె, ఆ గుడ్డలోనుండి "కదలవద్దు" అను ఆజ్ఞ. ఊపిరి బిగబట్టి అందులోనికి దిగుట నిజముగా చన్నీటిలోనికి దిగుటవంటిదే. ఫోటో తీయించుకొన్నచో ఆయువు తగ్గునని వెరచిన పెద్దలు మన యిండ్లలోనే ఉండిరి. ఏబది సంవత్సరముల కాలములో ఒక కుటుంబమునకు నాలుగైదు ఫోటోలుండుట గొప్ప: పెండ్లినాటిది ఒకటి, బిడ్డ బోర్లపడిననాటిది ఒకటి, కడపట గుంపు ఫోటోలోనుండి విడదీసి, పెద్దది చేయించి, గోడకు తగిలించి దండ వేసినది ఒకటి.

ఇప్పుడు మొదటి మాట వెనుకబడి రెండవది ముందునకు వచ్చినది. రైతుబజారులో కూరలమ్ము ఆమె చేతిలోను, ఆమెవద్ద కూర కొనువారి చేతిలోను కెమేరా ఉన్నది. ఫోనులో ఇమిడి యుండుటచే దానిని కెమేరా అని ఎవరును ప్రత్యేకముగా తలపరు. ఫోటోకు పండుగ అక్కరలేదు, పెండ్లి అక్కరలేదు. వాకిటిలోని ముగ్గు, కాలువగట్టున ఆరవేసిన చీర, బడికి పోవుచు వెనుదిరిగి చూచిన పిల్లవాడు, ఇవన్నియు ఫోటోలగుచున్నవి. ఈ దినదిన ఛాయాచిత్రణము మన చూపును ఏమి చేయుచున్నది? చూపు పదునెక్కుచున్నదా, మొద్దుబారుచున్నదా? రెండును జరుగుచున్నవని మా అభిప్రాయము. ఏది ఎప్పుడు జరుగుచున్నదో కొంత విచారింతము.

ముందుగా కంటి సంగతి. కన్ను తెరచినంతనే ఎదుటనున్నదంతయు స్పష్టముగా కనబడుచున్నదని మనము నమ్ముదుము. అది భ్రమ. చేయి చాచి బొటనవ్రేలి గోరును చూడుడు. ఏ క్షణమునందైనను మనకు పూర్తి స్పష్టతతో కనబడు మేర రమారమి ఆ గోరంతయే. కన్ను సెకనుకు మూడు పర్యాయములకు తక్కువగాకుండ ఇటునటు గంతులు వేయుచు ముక్కలు ముక్కలుగా చూచును; ఆ ముక్కలను మెదడు అతికి పెట్టును. క్రొత్త చోట ఈ అతుకుపని జాగ్రత్తగా సాగును. తెలిసిన చోట మెదడు అంత శ్రమపడదు. పాత జ్ఞాపకముతో సరిపెట్టును. అందుచేతనే అరకులోయకు పోయినవారు చెట్టుచెట్టునకు ఆగి చూతురు గాని, తమ వీథిలోని వేపచెట్టు ఏ నెలలో పూసినదో చెప్పజాలరు.

విజయవాడ నగరమునుండి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుచున్నవి. ఈ కాలువల వంతెనలను దినమునకు రెండు మారులు దాటువారు వేలకొలదిగా ఉన్నారు. వారిలో ఒకరిని నిలిపి, నేడు నీరు ఏ రంగున ఉన్నదని అడిగినచో, చాలమంది మరల వంతెనవైపు తిరిగి చూడవలసివచ్చును. వానకాలమున క్రొత్తగా నీరు వదలినపుడు కాలువ ఎఱ్ఱగా, చిక్కగా ఉండును. కార్తికము వచ్చుసరికి తేరుకొని ఆకుపచ్చదనము పట్టును. వేసవిలో కట్టివేసినపుడు అడుగు బయటపడి, ఏటివెంబడి మనము అందులో విసరినదంతయు తెల్లమగును. ఒకే వంతెనపై నిలిచి వారమునకు ఒక ఫోటో తీయువానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అతడు ఎక్కువ తెలివిగలవాడని కాదు. కెమేరా అతనిని కొన్ని ప్రశ్నలు అడుగును. ఎక్కడ నిలుతువు? దేనిని ఉంచి దేనిని వదలుదువు? వెలుతురు ఎటునుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నలకు జ్ఞాపకము జవాబు చెప్పలేదు, చూచియే చెప్పవలెను.

కంటికి అంచులు లేవు, కెమేరాకు నాలుగు అంచులున్నవి. తేడా అంతయు అక్కడ మొదలగుచున్నది. తులసికోట ప్రక్కన తల్లిని నిలిపి ఫోటో తీసినవాడు, ఇంటికి పోయి చూచుకొనుసరికి తల్లి తలమీదనుండి కరెంటు స్తంభము మొలచి యుండును. తీయునపుడు ఆ స్తంభము అతనికి కనబడలేదా? కంటిలో పడినది గాని మనస్సు దానిని తుడిచివేసినది. తల్లిని చూచువానికి స్తంభముతో పని యేమి? కెమేరాకు తల్లియు స్తంభమును సమానమే. రెండు మూడు స్తంభములు ఈ విధముగా మొలచిన పిమ్మట, తీయువాడు ఎదుటివారి వెనుక నున్నదానిని చూచుట నేర్చుకొనును. మామూలుగా మనము వెనుకనున్నదానిని చూడము. ఎవరి యింటి కుడ్యములు ఏ రంగువో, ఏ గుమ్మము ఎత్తు తక్కువో, ఏ దండెముపై ఏమి వ్రేలాడుచున్నదో, ఇవన్నియు అప్పటినుండి కనబడ నారంభించును.

వెలుతురు విషయము ఇంకను విచిత్రమైనది. డెల్టాలో వెలుతురు ఆకాశమునుండి మాత్రమే దిగదు. నేలనుండి కూడ లేచును. నాట్ల కాలమున పొలములన్నియు నీటి పళ్లెములు. వంగి నాటువేయు స్త్రీ ముఖమునకు వెలుతురు క్రిందనుండి వచ్చును. నుదుటికంటె గడ్డము కాంతివంతమై యుండును. తరతరములుగా ఆ నాట్లను చూచుచున్నవారికి సైతము ఈ సంగతి సాధారణముగా తట్టదు, ఫోటో చూచినపుడు తట్టును. అట్లే పెంకుటింటి అరుగు. అరుగుమీద కూర్చున్న అవ్వ ముఖము ఏ వేళనైనను అంత శాంతముగా కనబడుటకు కారణము అవ్వ మాత్రమే కాదు, చూరు కూడ. చూరు నడినెత్తిపై ఎండను ఆపును. వీథివైపునుండి, ఎదుటి సున్నపు గోడనుండి, పరచుకొన్న మెత్తని వెలుతురు మాత్రమే లోనికి వచ్చును. మిట్టమధ్యాహ్నము బయలున నిలువబెట్టినచో అదే ముఖమున కన్నులు నల్లని గుంటలగును. ఖరీదైన స్టూడియోలు దీపములతోను, తెల్లగుడ్డ తెరలతోను సాధించినదానిని మన అరుగు ఊరకనే ఇచ్చినది. ఇప్పుడు అరుగులు పోయి ప్రహరీగోడలు వచ్చినవి. వానితో ఆ వెలుతురును పోయినది. ఇండ్లు కట్టువారు దీనిని లెక్కలో వేసికొనినట్లు లేదు.

ఈ విధముగా వెలుతురును వెదకువాడు తెలియకయే కొంత జ్యోతిషము కూడ నేర్చుకొనును. జాతకముల జ్యోతిషము కాదు, సూర్యునిది. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునారున్నర డిగ్రీలమీద ఉండుటచే, మే మొదటి వారమునందును ఆగస్టు మొదటి వారమునందును సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. ఆ దినములలో నిలువు స్తంభమునకు నీడ ఉండదు. ఆ రెండింటి నడుమ మూడు నెలలు మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును! మిగిలిన ఏడాదియంతయు ఉత్తరమునకు పడునది ఇప్పుడు ఎదురు తిరుగుచున్నదని, తన పెరటిలోని నూతి గిలకస్తంభమును నెలనెల ఫోటో తీయువాడు ఎవరి సాయము లేకుండ కనిపెట్టగలడు.

కాలమును చూచుటకు పొలము ఇంకను మంచిది. ఒకే గట్టుపై, ఒకే చెట్టును ఎడమ అంచున ఉంచి, పక్షమునకు ఒకమారు తీసిన ఫోటోలను వరుసగా పేర్చినచో, నారు, నాటు, పచ్చ, పొట్ట, పసుపు అన్నియు దొరలి పోవును. అందులో ఒక చిత్రమున, కోతకు సిద్ధమైన వరి దుబ్బుల మొదట చిన్న చిన్న ఆకులు కనబడును. అవి మినుములు. వరి కోతకు కొన్ని దినముల ముందుగా తడి ఆరని చేలో విత్తనములు చల్లుట డెల్టా రైతుల పద్ధతి. ఒక పంట నిలిచియుండగనే దాని కాళ్లక్రింద రెండవ పంట లేచును. రైతునకు ఇది వింత కాదు. బస్సు కిటికీలోనుండి ఏటేట ఈ చేలను చూచు పట్టణవాసికి మాత్రము, పైన పసుపును క్రింద పచ్చదనమును ఒకే చిత్రములో చూచు వరకు తెలియదు.

ఫిల్ముల కాలమున ఈ చూపునకు డబ్బు ఒక కట్టుబాటుగా ఉండెడిది. మధ్యతరగతి యిండ్లలో మన్నన పొందిన ఆగ్ఫా క్లిక్ త్రీ అను పెట్టె కెమేరాలో ఒక చుట్టకు పండ్రెండు చిత్రములే వచ్చెడివి. మన దేశములో ఫిల్ము తయారీకై ఉదకమండలమున 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ఏర్పడి, 1967లో ఉత్పత్తి ప్రారంభించినది. అయినను చుట్ట ఖరీదు, కడిగించుటకు ఖర్చు, అచ్చుకు ఖర్చు లెక్కించుకొని గాని మీట నొక్కువారు కారు. పండ్రెండింటిలో ఒకటి పాలగిన్నెపై వినియోగించువానిని ఇంటివారు పిచ్చివానిగా చూచెడివారు. ఇప్పుడు ఆ లెక్క లేదు. మేలేమనగా, పాలగిన్నెకు కూడ ఫోటో దిగు యోగ్యత వచ్చినది. కీడేమనగా, నొక్కుటకు ముందు చూడవలసిన అక్కర తప్పినది. ఒక దృశ్యమును నలుబది మారులు నొక్కి, తరువాత చూచుకొందమనుకొని, ఆ తరువాత ఎన్నడును చూడకుండుట నేటి మర్యాద.

చూచి తీయుట, తీసి చూచుట: ఈ రెంటికిని గల అంతరమును కృష్ణ యొడ్డుననే ఒక పాత ఉదంతము తెలుపుచున్నది. విజయవాడకు ఎగువన అమరావతిలోని మహాస్తూపమును కాలిన్ మెకంజీ 1797లో మొదట చూచెను; 1816లో మరల వచ్చి తన చిత్రకారులచేత అచ్చటి శిల్పములకు చిత్రములు గీయించెను. తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరినవి. 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి వానిని ఛాయాచిత్రములుగా తీసెను. మరుసటి యేట వానిలో చాలభాగము ఓడనెక్కి లండను పోయినది. చిత్రకారుడు ప్రతి గీతను చేతితో గీయవలెను గనుక, ప్రతి గీతను ముందుగా చూడక తప్పదు. పద్మమున రేకులెన్నియో లెక్కింపక పద్మము గీయలేడు. కెమేరా అట్లు కాదు. తీయువాడు గమనింపని పగులును, మరకను, మూలనున్న చిన్న బొమ్మను కూడ అది పట్టుకొనును. నూరేండ్ల తరువాత మరియొకడు వచ్చి చూచుకొనవచ్చును. మెకంజీ గీయించిన వానిలో కొన్ని శిలలు నేడు ఎక్కడను లేవు, కాగితముపై మాత్రమే ఉన్నవి. గీసినవాని చూపునకును, తీసినవాని పెట్టెకును మనము సమానముగా ఋణపడి యున్నాము.

ఈ రెండు చూపులును ఒక మనిషిలో కూడిన సందర్భము మన డెల్టాలోనే కలదు. దుగ్గిరాల సమీపమున తుమ్మపూడి గ్రామమునకు చెందిన సంజీవదేవ్ చిత్రకారుడు, ఛాయాగ్రాహకుడు, సౌందర్యతత్త్వమును గూర్చి తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసినవాడు. 1914లో జన్మించి 1999లో మరణించెను. యౌవనమున హిమాలయములలో తిరిగి, నగ్గర్‌లో నికొలస్ రోరిక్ కుటుంబమువారితో గడపి వచ్చినను, జీవితములో ఎక్కువ భాగము ఆయన నివసించినది తన పల్లెలోనే. హిమాలయములను చూచి వచ్చిన కంటికి వరిచేను వెలవెలబోవునని మనము అనుకొందుము. ఆయన తుమ్మపూడిలోనే ఉండిపోవుట అందులకు చక్కని సమాధానము.

ఇక నష్టముల సంగతి. 2013 చివర అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డు విశ్వవిద్యాలయమునకు చెందిన లిండా హెంకెల్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక పరీక్షా ఫలితమును ప్రకటించెను. మ్యూజియములో కొన్ని వస్తువులను ఊరక చూడుమనియు, కొన్నింటిని ఫోటో తీయుమనియు విద్యార్థులకు చెప్పి, మరునాడు జ్ఞాపకమును పరీక్షింపగా, ఫోటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. పెట్టె దాచుకొనుచున్నది గదా అని మనస్సు చేయి విడిచినదన్నమాట. కాని అదే వస్తువులో ఒక భాగమును దగ్గరగా చేసి తీయుమన్నప్పుడు ఈ నష్టము కనబడలేదు. పైగా ఫోటోలో పడని తక్కిన భాగములు సైతము బాగుగనే జ్ఞప్తియందుండెను. ఏరి తీసినవాడు చూచినాడు, ఊరక నొక్కినవాడు చూడలేదు.

2017లో అలిక్సాండ్రా బరాష్, ఆమె సహచరులు ప్రకటించిన మరియొక పరిశోధన, రేడియోవారముగా మమ్ములను మరింత ఆకర్షించినది. తమ యిష్టము చొప్పున ఫోటోలు తీయుచు ప్రదర్శనశాలలో తిరిగినవారు, కెమేరా లేకుండ తిరిగినవారికంటె, చూచినదానిని ఎక్కువగా జ్ఞాపకముంచుకొనిరి. కాని చెవులకు తగిలించిన యంత్రము వస్తువులను గూర్చి చెప్పిన మాటలను మాత్రము వారు తక్కువగా జ్ఞాపకముంచుకొనిరి. కన్ను పదునెక్కుటకు చెవి వెల చెల్లించినది! 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము ప్రారంభమైన నాటినుండి చెవినే నమ్ముకొన్న మాకు ఇది కొంత చింత కలిగించు వార్తయే. ఫోటోలో రేవు కనబడును. రేవులో బట్టలు ఉతుకు చప్పుడు ఆవలిగట్టున తగిలి రెండవమారు వినబడుట కనబడదు. కొల్లేటి సరస్సున ఆటపాకవద్ద గూడబాతులను ఫోటో తీయబోవువారు తమ యంత్రములతో ఎంత నిమగ్నులై యుందురనగా, ఆ చెట్లపైనున్న సంతయంతటి గోలను ఇంటికి తెచ్చుకొనరు. పెట్టెను పైకెత్తుటకు ముందు ఒక నిమిషము కన్నులు మూసికొని వినుట మంచిదని మా సలహా. పిమ్మట తీసిన ఫోటో కూడ మేలుగానే వచ్చును.

దిగుటయు తీయుటయు ఒకేసారి చేయు పద్ధతి కూడ ఇప్పుడు బలముగా వ్యాపించినది. చేయి చాచి, ఫోనును తనవైపునకు త్రిప్పుకొని, తన్ను తానే తీసికొనుట. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములకు వచ్చినవారిలో నదికి వీపు త్రిప్పి నిలిచి చిరునవ్వు నవ్వినవారెందరో లెక్కలేదు. స్టూడియోలోని గుడ్డతెర పోయినదని మనము అనుకొనుచుండగా, నది స్వయముగా తెర అయినది. ఇందులో పాపమేమియు లేదు. జ్ఞాపకార్థము అందరును చేయునదే. అయితే ఆ సమయమున ఫోనులో వారు చూచుచున్నది తమ జుట్టును గాని నీటిని కాదు.

మరియొక చిక్కు కలదు. "దిగుట" యందు దిగువారి సమ్మతి ఉన్నది. కొత్తబట్టలు కట్టుకొని తామై వచ్చి కూర్చుండిరి. "తీయుట" యందు అది లేకపోయినను పని సాగును. నాట్లువేయు స్త్రీలను, వల విసరు జాలరిని, రైలుకట్ట ప్రక్క గుడిసెలో వంటచేసికొను ఆమెను, బాగున్నదని తోచినంతనే తీసికొని పోవుచున్నాము. వారి పని మనకు దృశ్యమైనది. అడిగినచో ఏమగును? వారు నడుము నిగిడ్చి, కొంగు సవరించుకొని, కెమేరావైపు చూచి నిలుతురు. మనము కోరిన సహజత్వము పోవును. పోనిండు. వారు ఎట్లు కనబడగోరుచున్నారో ఆ ఫోటోలో ఉండును. అది కూడ చూడదగినదే. ఇంటిలో సైతము ఇట్టి పక్షపాతమే కలదు. ఆల్బమంతయు త్రిప్పినను ఒక్క మనిషి కనబడడు. ఎవడన, ఫోటోలన్నియు తీసినవాడు.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురము మొదలగు ప్రాంతములను ముంచివేసినది. అదే సమయమున ప్రకాశం బారేజివద్ద కృష్ణలో 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించినది. 1957లో బారేజి పనిచేయ నారంభించిన తరువాత అంతటి ప్రవాహము ఎన్నడును నమోదు కాలేదు. దినముల తరబడి నీరు నిలిచిన యిండ్లలో బీరువాల క్రింది అరలు, మంచముల క్రింది ట్రంకు పెట్టెలు మునిగినవి. ఆల్బములు ఉండునది సాధారణముగా అక్కడనే.

తడిసిన ఫోటోలను ఏమి చేయవలెనో చాలమందికి తెలియదు గనుక ఇచ్చట చెప్పుట అవసరము. అవి ఒకదానికొకటి అంటుకొని ఎండిపోయినచో విడదీయుట దుస్సాధ్యము. కావున ఎండకముందే శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి, మెల్లగా విడదీసి, బురదను నీటితోనే పోనిచ్చి, బొమ్మ పైవైపున ఉండునట్లు నీడలో ఆరబెట్టవలెను. బొమ్మను గుడ్డతో తుడువరాదు. ఎండలో పరుపరాదు.

ఆ విధముగా కాపాడలేనివానికి ప్రతులు వెదకవలెను. పెండ్లి ఫోటోకు ఎక్కడనో ఒకచోట ప్రతి ఉండును. మేనమామ యింటనో, వియ్యంకుల యింటనో దొరకును. కాని గోడకు ఆనించిన రోలు, వంటింటి గూటిలో వరుసగా పేర్చిన డబ్బాలు, తాతగారు పత్రిక చదువుకొనిన కిటికీ, రేడియో పెట్టిన మూలబల్ల, వీనికి ప్రతి ఎవరివద్దను ఉండదు. అసలు ఫోటోయే ఉండదు. పెండ్లి ఫోటోలలోనే, పెండ్లికుమారుని భుజమునకు వెనుకగా, ఆ పెరడు కొంత, ఆ నూయి కొంత పడియుండును. ఇల్లు నీట మునిగి లేచిన తరువాత చూచువారి కన్నులు మొదట పోవునది అక్కడికే. ఒక ఆదివారము పూట ఇంటిలోని గదులను, వాడు సామానును, పని చేసికొను మనుషులను వారున్న చోటనే ఉన్నట్లుగా తీసియుంచుట అరగంట పని. తేది, ఊరు, అందున్నవారి పేర్లు అచ్చువేయించిన ప్రతి వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. ఒక ప్రతిని వేరొక ఊరిలోని బంధువుల యింట, క్రింది అరలో గాక పై అరలో ఉంచుడని చెప్పి ఇచ్చిరావలెను.